బోల్తా కాదు, వోల్టా: కాటలోనియా సైకిల్ పందెం గురించి అనంతపురంలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మార్చి నెలాఖరులో, ఇక్కడ పదో తరగతి పరీక్షలు, ఉగాది హడావుడి ఉండే రోజుల్లో, నేను ఒక వారం పాటు రాత్రి కంచాన్ని ఫోను ముందు పెట్టుకుని తింటాను. ఫోనులో స్పెయిన్‌ దేశపు కొండదారుల మీద నూటయాభై మందికి పైగా సైకిళ్ళు తొక్కుతుంటారు. ఇంట్లోవాళ్ళు, తెల్లవారుజామున నాతో పాటు సైకిల్ తొక్కే మిత్రులు, టీ కొట్టు దగ్గర పలకరించేవాళ్ళు దీని గురించి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. ఒకే జవాబును పదిసార్లు చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి ఇలా రాసిపెట్టాను.

అసలు ఏమిటీ వోల్టా?

స్పెయిన్ ఈశాన్య మూలన కాటలోనియా అనే ప్రాంతం ఉంది. దాని రాజధాని బార్సెలోనా. ఆ ప్రాంతంలో ఏడు రోజుల పాటు ఊరి నుంచి ఊరికి జరిగే సైకిల్ పందెమే ‘వోల్టా ఎ కాటలున్యా’. మాటకు మాట అర్థం చెప్పుకోవాలంటే కాటలోనియాను చుట్టిరావడం. మన భాషలో ప్రదక్షిణ అనవచ్చు. రోజుకొక మజిలీ. ఒక్కో మజిలీ సాధారణంగా 150 నుంచి 190 కిలోమీటర్లు ఉంటుంది, చివరి రోజుది కాస్త చిన్నది. మొత్తం కలిపితే వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది.

ఆ ప్రాంతం ఎంత పెద్దది అని కూడా అడుగుతారు. వైశాల్యం సుమారు 32 వేల చదరపు కిలోమీటర్లు. విడదీయక ముందటి అనంతపురం, కడప జిల్లాలను కలిపితే దానికంటే కొంచెం ఎక్కువే వస్తుంది. అంటే వాళ్ళు ప్రపంచ స్థాయి పందెం నడుపుతున్నది మన రెండు పాత జిల్లాలంత చోటులోనే.

పేరును ఎలా పలకాలి?

బార్సెలోనావాళ్ళు ‘వ’ను ‘బ’గా పలుకుతారు. వాళ్ళ నోట అది ‘బోల్తా’ అని వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు లారీ ఏదో పడిపోయిందనుకున్నాను. మనకు బోల్తా అంటే తలకిందులు కావడం, వాళ్ళకు చుట్టిరావడం. అపార్థాలు వద్దనుకుని ఇక్కడ ‘వోల్టా’ అనే రాస్తున్నాను.

అనంతపురంలో కూర్చుని ఎక్కడో జరిగే పందెం గోల మీకెందుకు?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో సగం మంది పిల్లలు ఫాదర్ ఫెర్రర్ సంస్థ బడిలోనో ఆసుపత్రిలోనో అడుగు పెట్టినవాళ్ళే. విసెంటె ఫెర్రర్ 1920లో పుట్టింది బార్సెలోనాలోనే. 1952లో భారతదేశానికి వచ్చి, 1969లో అనంతపురం చేరి, 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును, బత్తలపల్లి ఆసుపత్రిని, పల్లెపల్లెనా కట్టించిన ఇళ్ళను ఇక్కడ ఎవరికీ పరిచయం చేయనక్కరలేదు. ఆ పనులకు నెలనెలా డబ్బు పంపినవాళ్ళలో కాటలోనియావాళ్ళు చాలా మంది. ఒక కరవు జిల్లాలోని బోరుబావికి, చెక్‌డ్యాముకు, బడికి ఎవరో ముఖం తెలియని మనిషి డబ్బు పంపాడంటే, ఆ మనిషి ఊరిపేరు ఏదో ఒకనాడు పందెం దారిలో కనబడుతుంది. నాకు ఆ ఆసక్తి అక్కడ మొదలైంది. తరువాత పందెం తనంతట తానే పట్టుకుంది.

ఎప్పటి నుంచి జరుగుతోంది?

1911 నుంచి. ఇప్పటికీ నడుస్తున్న బహుదిన సైకిల్ పందేలలో దీనికంటే పాతవి మూడే: 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్, 1908 నాటి బెల్జియం టూర్, 1909 నాటి ‘జిరో ద ఇటాలియా’ అనే ఇటలీ పందెం. మొదటి వోల్టా మూడు మజిలీల పందెం. జనవరి చలిలో బార్సెలోనా నుంచి తర్రగోనాకు, అక్కడి నుంచి ల్యేయిదాకు, మళ్ళీ బార్సెలోనాకు. తారు లేని దారులు, గేర్లు లేని సైకిళ్ళు. గెలిచినవాడు సెబాస్టియా మస్దేవు అనే తర్రగోనా యువకుడు.

దీని వెనుక ఉన్నది ఒక పత్రిక. ‘ముందో దెపోర్తీవో’ అనే బార్సెలోనా క్రీడాపత్రిక 1906లో పుట్టింది. దాన్ని నడిపిన నర్సీస్ మస్ఫెర్రర్ ఈ పందేనికి మూలపురుషుడు. ఆ కాలంలో సైకిల్ పందేలు పెట్టింది చాలావరకు పత్రికలే. ఫ్రాన్స్‌లో ‘లోతో’, ఇటలీలో ‘గజెట్టా’ చేసింది అదే. టీవీ లేదు, రేడియో లేదు. మనుషులు వారం రోజులు సైకిల్ తొక్కితే మర్నాడు పొద్దున ఎవరు ఎక్కడ పడ్డారో తెలుసుకోవడానికి జనం పత్రిక కొనాలి. ఫ్రాన్స్ పందెంలో ముందున్నవాడు పసుపు జెర్సీ వేసుకోవడానికి, ఇటలీలో గులాబీ జెర్సీ వేసుకోవడానికి కారణం ఆ పత్రికల కాగితం రంగే. చందాదారులను పెంచుకోవడానికి చీరలు, కుక్కర్లు ఇచ్చిన పత్రికలను చూసినవాళ్ళం మనం. ఈ ఎత్తు మనకు కొత్తేమీ కాదు.

తరువాత బార్సెలోనాలోని సాంట్స్ అనే పేటకు చెందిన క్రీడాసంఘం దీన్ని దశాబ్దాల పాటు భుజాన వేసుకుంది. యుద్ధాలు వచ్చినప్పుడు ఆగింది. స్పెయిన్ అంతర్యుద్ధం కారణంగా 1937, 1938లలో జరగలేదు. 2020లో కోవిడ్ ఆపింది. అందుకే నూరవ వోల్టా 2021కి గాని రాలేదు.

రోజుకొకడు గెలుస్తాడంటారు. మరి పందెం గెలిచేది ఎవరు?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చెబుతాను. ప్రతి మజిలీలోనూ మొదట గీత దాటినవాడు ఆ రోజు విజేత. అతనికి పూలగుత్తి, ఫొటో. కానీ పందెం లెక్క వేరు. ప్రతి ఆటగాడూ ప్రతి రోజూ ఎన్ని గంటల, ఎన్ని నిమిషాల, ఎన్ని సెకన్లలో పూర్తి చేశాడో రాసుకుంటారు. ఏడు రోజుల సమయాలను కూడతారు. అందరికంటే తక్కువ మొత్తం ఎవరిదో అతనే విజేత. ఏ రోజుకారోజు ఆ కూడికలో ముందున్నవాడు తెలుపు, ఆకుపచ్చ కలిసిన జెర్సీ వేసుకుంటాడు.

ఇందులో రెండు మెలికలున్నాయి. ఒకటి, గుంపుగా గీత దాటినవాళ్ళందరికీ ఒకే సమయం ఇస్తారు. గుంపులో వందోవాడు నిజానికి కొన్ని సెకన్లు వెనుక దాటినా మొదటివాడి సమయమే. రెండోది, మజిలీలో మొదటి ముగ్గురికి 10, 6, 4 సెకన్ల చొప్పున మొత్తం సమయంలో తగ్గింపు ఉంటుంది. మధ్యలో కొన్ని చోట్ల గీతలు గీసి 3, 2, 1 సెకన్లు కూడా ఇస్తారు. మూడు సెకన్లు ఏ పాటివి అని నవ్వేవాళ్ళకు 2023 వోల్టా కథ చెబుతాను.

ఆ ఏడాది స్లోవేనియాకు చెందిన ప్రిమోజ్ రోగ్లిచ్, బెల్జియంకు చెందిన రెంకో ఎవెనెపూల్ నువ్వా నేనా అన్నట్లు తొక్కారు. రోగ్లిచ్ రెండు మజిలీలు గెలిచాడు. ఎవెనెపూల్ కూడా రెండు గెలిచాడు, చివరి రోజు బార్సెలోనాలో జరిగినదానితో సహా. వెయ్యి కిలోమీటర్లకు పైగా తొక్కాక రోగ్లిచ్ ఆరు సెకన్ల తేడాతో గెలిచాడు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు ఆరు సెకన్లలో సుమారు 67 మీటర్లు వెళ్తాడు. మన టవర్ క్లాక్ దగ్గర రోడ్డు దాటడానికి నాకు అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది.

ఒక్క మజిలీ కూడా గెలవకుండా పందెం గెలవవచ్చా?

గెలవవచ్చు. టూర్ ద ఫ్రాన్స్‌లోనే 1990లో గ్రెగ్ లెమాండ్, 2017లో క్రిస్ ఫ్రూమ్ అలా గెలిచారు. ఏ సబ్జెక్టులోనూ మొదటి మార్కు రాకుండా క్లాసు ఫస్టు వచ్చే పిల్లలు ఉంటారు కదా, అలాంటిదే.

అందరూ గుంపుగా ఎందుకు పోతారు? బలమున్నవాడు మొదటి నుంచే ముందుకు దూసుకుపోవచ్చు కదా?

సైకిల్ పందెం అంటే కాళ్ళ బలం అనుకుంటాం. నిజానికి అది గాలితో బేరం. సమతలమైన దారిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తొక్కేవాడి శ్రమలో అత్యధిక భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ఒకడి వెనుక చక్రానికి చక్రం ఆనించినంత దగ్గరగా మరొకడు తొక్కితే, వెనుకవాడికి శ్రమ దాదాపు మూడోవంతు తగ్గుతుంది. పెద్ద గుంపు నడిమధ్యలో ఉన్నవాడికి ఇంకా ఎక్కువ తగ్గుతుంది. అందుకే ముందు ఉన్నవాడు వెనకబడతాడు, వెనుకవాడు ముందుకొస్తాడు, వంతులవారీగా గాలిని మోస్తారు. ఈ గుంపును పెలొటాన్ అంటారు.

ఇది పుస్తకం చదివి చెబుతున్న మాట కాదు. అనంతపురం నుంచి గుత్తి దాకా జాతీయ రహదారి మీద ఆషాఢంలో ఒంటరిగా తొక్కి చూడండి. పడమటి గాలి విసురుకు సైకిల్ పక్కకు జరుగుతుంది. అదే నలుగురు కలిసి వరుసగా వంతులు వేసుకుని తొక్కితే గంట ముందే గుత్తి కోట కనబడుతుంది. మొదట్లో నేను వంతు రాగానే ఉత్సాహంగా వేగం పెంచేవాడిని. అది తప్పని మా బృందంలోని పెద్దాయన ఒకరు చెప్పారు: ముందున్నవాడి పని వేగం పెంచడం కాదు, వేగం తగ్గకుండా చూడటం.

బలమున్నవాడు ఒంటరిగా దూసుకుపోతే గుంపు వెంటనే తరమదు. పోనిస్తుంది. ఇద్దరో ముగ్గురో ముందుకు పోయి, నాలుగైదు నిమిషాల తేడా సంపాదించి, గంటల తరబడి తొక్కి, గీతకు రెండు మూడు కిలోమీటర్ల ముందు దొరికిపోవడం ఈ పందేలలో నిత్యం జరిగే విషాదం. గుంపులోవాళ్ళు లెక్క వేసుకునే తరుముతారు. త్వరగా పట్టుకుంటే మరొకడు దూసుకుపోతాడు, ఆలస్యమైతే వాడే గెలుస్తాడు. ఎప్పుడో ఒకసారి ఆ లెక్క తప్పుతుంది. ఆ రోజు కోసమే నేను పరుగుపందెం కంటే దీన్ని ఎక్కువ ఇష్టపడతాను.

గాలి పక్క నుంచి వీస్తే?

అప్పుడు తమాషా మొదలవుతుంది. ఎదురుగాలికి వెనుక దాక్కోవచ్చు. అడ్డగాలికి పక్కన దాక్కోవాలి. కాబట్టి ఆటగాళ్ళు రోడ్డుకు అడ్డంగా, ఏటవాలు వరుసలో సర్దుకుంటారు. రోడ్డు వెడల్పు ఎంతో అంతమందికే ఆ వరుసలో చోటు. మిగిలినవాళ్ళు అంచున గాలికి బలై తెగిపోతారు. గుంపు ముక్కలవుతుంది. కొండ లేని రోజున కూడా నిమిషాలు పోగొట్టుకున్న మొనగాళ్ళు ఎందరో.

కాటలోనియా ఉత్తరాన కొండల మీదుగా దిగే గాలికి ట్రముంటానా అని పేరు. 2025లో వోల్టా ఆరో రోజున గాలి ఉధృతికి మజిలీనే కుదించాల్సి వచ్చింది. మనకు రామగిరి గుట్టల మీద గాలిమరలు ఎందుకు పెట్టారో తెలుసు కదా. ఆ దారిన పందెం పెడితే మొదటి గంటలోనే సగం గుంపు చెల్లాచెదురవుతుంది.

కొండలు ఎంత ఎత్తు?

ఉత్తరాన పిరనీ పర్వతాలున్నాయి. అక్కడ మంచు మీద జారే ఆటలకు కట్టిన విడుదుల దాకా రోడ్లు వేశారు. వోల్టా పెద్ద మజిలీలు అక్కడే ముగుస్తాయి. వాల్‌టెర్ అనే చోట గీత సముద్రమట్టానికి 2,100 మీటర్లకు పైన ఉంటుంది. లా మొలీనా, పోర్ట్ ఐనే కూడా అలాంటివే. మనకు తెలిసిన ఎత్తయిన రోడ్డు హార్స్‌లీ హిల్స్‌ది. అది 1,250 మీటర్ల చిల్లర. పైగా మదనపల్లె వైపు నేలే ఎత్తులో ఉంది కాబట్టి ఎక్కేది అందులో సగం కూడా ఉండదు.

ఎక్కుడును శాతాల్లో చెబుతారు. వంద మీటర్లు ముందుకు పోతే ఏడు మీటర్లు పైకి వెళ్ళే దారిని 7 శాతం అంటారు. అంకె చిన్నదే. పదకొండు పన్నెండు కిలోమీటర్లు ఆగకుండా అలా ఎక్కడం మాత్రం చిన్నది కాదు. అక్కడ వేగం తగ్గిపోతుంది కనుక గాలి లెక్క వెనకబడి, బరువు లెక్క ముందుకొస్తుంది. అందుకే కొండరాయుళ్ళు అరవై కిలోల చుట్టూ ఉండే బక్కపలుచని మనుషులు. 2024లో టాడెయ్ పొగాచర్ వాల్‌టెర్ ఎక్కి గెలిచాడు, మర్నాడు పోర్ట్ ఐనే ఎక్కి గెలిచాడు, మొత్తం ఏడింటిలో నాలుగు మజిలీలు ఎగరేసుకుపోయాడు. మూడున్నర నిమిషాలకు పైగా తేడాతో పందెం గెలిచాడు. నిజం చెప్పాలంటే ఆ ఏడాది నాకు పందెం రుచించలేదు. అంత తేలికగా గెలిస్తే చూసేవాడికి ఏం మిగులుతుంది? ఆరు సెకన్ల ఏడాదే బాగుంది.

చివరి రోజు బార్సెలోనాలో ఊరికే ఊరేగింపా?

కాదు. ఫ్రాన్స్ పందెంలో పారిస్ చేరే రోజు చాలాకాలం ఊరేగింపులా సాగేది. వోల్టా చివరి రోజు ఊరి నడుమ మోంజుయిక్ గుట్ట చుట్టూ తిప్పుతుంది. 1992 ఒలింపిక్స్ స్టేడియం ఉన్న గుట్ట అది. పెద్ద ఎత్తేమీ కాదు, కానీ మళ్ళీ మళ్ళీ ఎక్కిస్తారు. 2025లో స్పెయిన్ యువకుడు ఖ్వాన్ అయుసో చేతిలో ఉన్న జెర్సీని రోగ్లిచ్ లాక్కున్నది ఆ గుట్ట మీదే, ఆ చివరి రోజే.

జట్టులో ఏడుగురుంటే ఒక్కడే గెలవడం ఏమిటి? మిగతా ఆరుగురు కూలీలా?

ఫ్రెంచి భాషలో వాళ్ళ పేరు దొమెస్టిక్, అంటే ఇంటి పనివాడు. పేరు పెట్టినవాడిది జాలిగుండె కాదు. వాళ్ళ పని జాబితా రాస్తే చేట భారతం అవుతుంది. వెనక్కి వెళ్ళి జట్టు కారు నుంచి ఏడుగురికీ నీళ్ళ సీసాలు తెచ్చి చొక్కాలో కుక్కుకుని మళ్ళీ గుంపును అందుకోవడం, నాయకుడికి గాలి తగలకుండా ముందు తొక్కడం, అతని చక్రం పంక్చరైతే తన చక్రం ఊడదీసి ఇవ్వడం, పారిపోయినవాళ్ళను తరిమి పట్టుకోవడం. కొండ సగం ఎక్కాక పని ముగిసి పక్కకు తప్పుకుంటారు, గీతకు పది ఇరవై నిమిషాల తరువాత చేరుతారు. విజేత సమయానికి మించి ఇంత శాతం ఆలస్యమైతే ఇంటికి పంపించేస్తారన్న నిబంధన కూడా ఉంది. అలసిన పనివాడు కూడా ఆ గడువు లెక్క చూసుకుంటూ తొక్కాలి.

బహుమతి డబ్బు మాత్రం జట్టంతా పంచుకునే ఆనవాయితీ ఉంది. నాగలికి ఇరువైపులా ఎద్దులు లాగితేనే సాలు పడుతుంది, పేరు మాత్రం రైతుది. వేరుశనగ వేసేవాళ్ళకు ఇంతకంటే వివరించనక్కరలేదు.

అంతసేపు తొక్కుతూ ఏమి తింటారు?

అన్నం! నేను కూడా మొదట నమ్మలేదు. మెత్తగా వండిన అన్నంలో చక్కెర, మీగడలాంటి జున్ను, పండ్ల జామ్ కలిపి, ముక్కలు కోసి, రేకు కాగితంలో చుట్టి చొక్కా వెనుక జేబుల్లో పెట్టుకుంటారు. తొక్కుతూనే విప్పుకుని తింటారు. దానికి తోడు చక్కెర పాకంలా ఉండే జెల్ పొట్లాలు, తియ్యటి నీళ్ళు. ఈ రోజుల్లో గంటకు 90 నుంచి 120 గ్రాముల పిండిపదార్థం లోపలికి పంపడం వాళ్ళ లెక్క. కష్టమైన కొండ మజిలీ రోజున 5 వేల కెలోరీల దాకా ఖర్చవుతుంది. దారిలో ఒకచోట జట్టు మనుషులు గుడ్డ సంచులు పట్టుకుని నిలబడతారు, వీళ్ళు వేగం తగ్గించకుండానే వాటిని అందుకుని మెడకు తగిలించుకుంటారు.

మేము బెల్లం అన్నం ముద్దలు అరటి ఆకులో చుట్టుకుని ప్రయత్నించాం. బాగానే పనిచేసింది, చీమల సంగతి వదిలేస్తే.

మరి మధ్యలో... అవసరం పడితే?

పిల్లలు అడుగుతారు, పెద్దలు అడగాలనుకుని ఊరుకుంటారు. పందెం నెమ్మదించిన వేళ చాలామంది ఒకేసారి రోడ్డు పక్కన ఆగుతారు. ఆ సమయంలో ఎవరూ దూసుకుపోకూడదన్నది రాయని నియమం. ఊళ్ళ మధ్య, జనం ముందు ఆగితే జరిమానా పడుతుంది. ఆ నియమం మాత్రం రాసిందే.

పడిపోతే, పంక్చరైతే సమయం పోయినట్లేనా?

సాధారణంగా అంతే. కారు వచ్చి చక్రం మార్చి పోతుంది, తరువాత గుంపును అందుకోవడం అతని పాట్లు. కానీ సమతలంగా ముగిసే మజిలీలలో చివరి 3 కిలోమీటర్ల లోపల పడినా, పంక్చరైనా గుంపు సమయమే ఇస్తారు. చివర్లో అందరూ ప్రాణాలకు తెగించి తోసుకోకుండా ఉండటానికి పెట్టిన నియమం ఇది. కొండ మీద ముగిసే రోజున ఈ దయ ఉండదు.

సైకిల్ ఎంత తేలిక?

6.8 కిలోలకు తక్కువ ఉండకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం. ఖరీదు సంగతి అడగవద్దు. ఊళ్ళో ఒక మంచి మోటార్ సైకిల్ కొని, మిగిలిన డబ్బుతో పెళ్ళిభోజనం పెట్టవచ్చు.

అందరికంటే ఎక్కువసార్లు గెలిచింది ఎవరు?

మరియానో కన్యార్దో, ఏడుసార్లు. 1928, 1929, 1930, 1932, 1935, 1936, 1939. ఆ వరుసలో చివరి రెండు సంవత్సరాల మధ్య ఖాళీని చూడండి. మధ్యలో దేశం అంతర్యుద్ధంలో కాలిపోయింది. యుద్ధానికి ముందు జరిగిన చివరి పందెం, యుద్ధం ముగిశాక జరిగిన మొదటి పందెం, రెండూ ఒకే మనిషి గెలిచాడు. ఆయన పుట్టింది కాటలోనియాలో కాదు, నవర్రాలో. బార్సెలోనావాళ్ళు మాత్రం తమవాడనే చెప్పుకుంటారు. ఫాదర్ ఫెర్రర్ విషయంలో మనం చేసింది కూడా ఇదే.

తరువాతి కాలంలో అంకెతీల్, మెర్క్స్, జిమోంది, షాన్ కెల్లీ లాంటి మహామహులంతా ఈ జాబితాలోకి ఎక్కారు. మిగేల్ ఇందురాయిన్ మూడుసార్లు, అలెహాంద్రో వల్వెర్దె మూడుసార్లు గెలిచారు.

వీళ్ళంతా మందులు వాడతారట కదా?

ఈ ఆటకు ఆ మచ్చ ఉంది, దాచి లాభం లేదు. వోల్టాకూ అంటింది. 2011లో గీత దాటి గెలిచింది అల్బెర్తో కొంతదోర్. అంతకు ముందు ఏడాది టూర్ ద ఫ్రాన్స్‌లో అతని పరీక్షలో క్లెన్‌బ్యుటెరాల్ అనే నిషేధిత మందు బయటపడింది. 2012లో క్రీడా న్యాయస్థానం తీర్పు ఇచ్చాక అతని ఫలితాలు రద్దయ్యాయి, వోల్టా రెండో స్థానంలో ఉన్న మికేలే స్కార్పోనికి దక్కింది. ఇప్పుడు రక్తపరీక్షల చరిత్రనంతా ఏళ్ళ తరబడి భద్రపరిచి పోల్చి చూస్తున్నారు. అయినా అసాధారణంగా ఎవరైనా కొండ ఎక్కితే నా కనుబొమ్మ ఒకటి దానంతట అదే పైకి లేస్తుంది.

ఆడవాళ్ళకు ఉందా?

2024 నుంచి మహిళల వోల్టా మొదలైంది, మొదటి ఏడాది మూడు రోజులు. మగవాళ్ళ పందెం పుట్టిన 113 ఏళ్ళకు. ఆలస్యమన్న మాట చాలదు.

చూడటానికి టికెట్టు ఉంటుందా? మన సమయం ప్రకారం ఎప్పుడు?

రోడ్డు పక్కన నిలబడటానికి టికెట్టు లేదు. ఊరివాళ్ళు కుర్చీలు వేసుకుని ఇంటి ముందే కూర్చుంటారు. ఏడు గంటలు ఎదురుచూస్తే అరనిమిషంలో గుంపు దాటిపోతుంది. కొండ మీద నిలబడితే ఒక్కొక్కరుగా వస్తారు, ముఖాలు కనబడతాయి.

ఇక్కడ చూసేవాళ్ళకు మజిలీలు సాధారణంగా రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య ముగుస్తాయి. మార్చిలో మనం వాళ్ళకంటే నాలుగున్నర గంటలు ముందు. అయితే మార్చి చివరి ఆదివారం యూరప్‌లో గడియారాలు గంట ముందుకు తిప్పుతారు, వోల్టా చివరి రోజు తరచుగా ఆ ఆదివారమే పడుతుంది. పైగా ఆ రోజు మజిలీ చిన్నది, త్వరగా మొదలవుతుంది. ఒక ఏడాది నేను తీరికగా రాత్రి ఎనిమిదికి ఫోను తెరిస్తే అప్పటికే విజేత మెడలో పూలమాల వాడిపోతోంది.

మన రాయలసీమలో ఇలాంటి పందెం ఎందుకు లేదు?

దారులు లేక కాదు. ఊహకు హద్దేముంది, నేను రాత్రిళ్ళు గీసుకునే దారి ఇది. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర మొదలుపెట్టి ఓర్వకల్లు రాళ్ళ పక్కగా, బనగానపల్లె మీదుగా యాగంటి. అక్కడి నుంచి బెలుం గుహలు, తాడిపత్రి. తాడిపత్రి నుంచి గండికోట, పెన్నా లోయ అంచున గీత. తరువాత కడప. కడప నుంచి గువ్వలచెరువు ఘాట్ ఎక్కి రాయచోటి, ఇది కొండ మజిలీ. గుడ్డసంచుల్లో జెల్ పొట్లాలకు బదులు గువ్వలచెరువు పాలకోవా పెట్టిస్తాను. రాయచోటి నుంచి కదిరి. ఆఖరి రోజు కదిరి నుంచి ముదిగుబ్బ, బత్తలపల్లి మీదుగా అనంతపురం.

లేనిది మరొకటి. రోడ్డును కొన్ని గంటలు మూసివేయాలి. వోల్టాలో గుంపుకు ముందూ వెనుకా పోలీసు మోటార్ సైకిళ్ళు కదిలే తలుపుల్లా వెళ్తాయి. గుంపు దాటగానే రోడ్డు తెరుచుకుంటుంది, ఊరి బతుకు ఆగదు. అది ఒక్క ఏడాదిలో అబ్బిన విద్య కాదు. ప్రతి ఊరి మునిసిపాలిటీ, ప్రతి ఠాణా, ఏటా అదే వారంలో అదే పని చేసి నేర్చుకున్నది. మనకు తిరునాళ్ళకు, రథోత్సవానికి రోడ్డు మూయడం బాగా వచ్చు. గువ్వలచెరువు ఘాట్‌లో లారీలు బోల్తా పడకుండా నాలుగు గంటలు ఖాళీగా ఉంచడం మాత్రం నాకు కొండ ఎక్కడం కంటే కష్టంగా కనిపిస్తోంది. మొదట ఒక్క రోజు పందెంగా, ఆదివారం తెల్లవారుజామున, చిన్న రోడ్ల మీద మొదలుపెట్టాలని నా అభిప్రాయం. 1911లో వాళ్ళు కూడా మూడు రోజులతోనే మొదలుపెట్టారు.

నేను నలభై దాటినవాడిని. పందెం కాదు, బహుదూరం తొక్కాలని ఉంది. దారి ఏమిటి?

అందుకు బ్రెవేలు ఉన్నాయి. ఫ్రాన్స్‌లో పుట్టిన పద్ధతి, మన దేశంలో చాలా నగరాల్లో సాగుతోంది. ఇందులో మొదటివాడు, చివరివాడు అని ఉండదు. గడువులోపల పూర్తి చేస్తే చాలు: 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు. ఆగి దోసె తినవచ్చు, చెట్టు కింద కునుకు తీయవచ్చు. కొండదారుల మీద రోజుల తరబడి తొక్కాలంటే 2008 నుంచి జరుగుతున్న టూర్ ఆఫ్ నీలగిరీస్ ఉంది.

తయారీ విషయంలో ఒక్క మాట. మార్చి నుంచి మే వరకు మన ఎండలో ఉదయం ఎనిమిది దాటాక తొక్కవద్దు. పిరనీలలో వాళ్ళు మార్చి నెలలో మంచుకు చేతితొడుగులు వేసుకుంటారు. వాళ్ళ శిక్షణ పట్టికను ఇంటర్నెట్‌లో చూసి మక్కీకి మక్కీ పాటించిన మిత్రుడొకరు గార్లదిన్నె దగ్గర కళ్ళు తిరిగి కూలబడ్డారు. మజ్జిగ, ఉప్పు, నీడ చూసుకోండి.

ఆ సన్నటి టైర్లకు మన ముళ్ళు గుచ్చుకోవా?

గుచ్చుకుంటాయి. రోడ్డు అంచున సర్కారు తుమ్మ కొట్టి పడేసిన రోజున తప్పక గుచ్చుకుంటాయి. 28 మిల్లీమీటర్లకు తగ్గని టైర్లు వేయించుకోండి, రెండు ట్యూబులు, ఒక చిన్న పంపు వెంట ఉంచుకోండి. ట్యూబు మార్చే ముందు టైరు లోపలి వైపు వేలితో మెల్లగా తడిమి చూడండి. ముల్లు మొన విరిగి అక్కడే ఉంటుంది, కొత్త ట్యూబును కూడా పొడుస్తుంది.